అలసిపోయే ఇల్లాలి కథ కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

సాహిత్యంలో స్త్రీ పాత్రలను గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గడప దాటిన స్త్రీయే నేటి కథకు నాయిక అనీ, వంటింటి కథలకు కాలం చెల్లిందనీ వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. గడప దాటినవారి గురించి రాయవలసిందే, అందులో నాకు భేదాభిప్రాయం లేదు. కానీ ఇల్లాలి కథ మన దగ్గర ఇదివరకే చెప్పేశారన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. మన కవులు ఆమెను పొగిడినంతగా ఆమె వైపు చూడలేదు.

మనుచరిత్రలో ప్రవరుడి భార్యను గురించి పెద్దన ‘వండ నలయదు వేవురు వచ్చిరేని’ అన్నాడు. వెయ్యిమంది వచ్చినా ఆమె వండి అలసిపోదట, అన్నపూర్ణకు సాటి అట, నడిరేయి అతిథులు వచ్చినా అన్నం పెడుతుందట. ఆ పద్యం నాకు కంఠస్థం, దాని నడక అంటే ప్రాణం. అయినా ఆమె ‘అతని గృహిణి’, ‘సోమిదమ్మ’ (సోమయాజి భార్య) అనే తప్ప ఆమె సొంత పేరేమిటో మనకు తెలియదు. భర్త ఎక్కడికి పోయాడో తెలియని ఆ పూట ఇంట్లో ఆమె ఎలా గడిపిందో చెప్పకుండానే కావ్యం, హిమాలయాల్లో ప్రవరుణ్ణి మోహించిన అప్సరస వరూధిని వెంట సాగిపోతుంది. ఆముక్తమాల్యదలో రాయలు మరికాస్త దగ్గరగా వెళ్లాడు. జడివాన పట్టిన రోజుల్లో కంట్లో పొగ చొరకుండా విష్ణుచిత్తుడి భార్య నారికేళపు బొఱియలు (కొబ్బరి చిప్పలు) పొయ్యిలో పెట్టి వండిందన్నాడు. పొయ్యి ఊదే అవసరమే లేని మహారాజుకు ఆ పొగ సంగతి పట్టిందంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆధునిక కథలో ఇల్లాలు మొదటినుంచీ ఉంది. 1902లో భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’లో భర్తను తప్పుదారి నుంచి మళ్లించిన పేద గృహిణే నాయిక. పెద్దన చెప్పకుండా వదిలిన పేరును గురించి నాలుగు శతాబ్దాలకు పైగా గడిచాక ‘ఇల్లలకగానే’ కథలో పి. సత్యవతి గారు అడిగారు. ఇల్లు అలికి, ముగ్గులు పెట్టి, అందరికీ అమ్మగానో అమ్మగారుగానో మిగిలిన ఆ ఇల్లాలు ఒకనాడు తన పేరే మరచిపోతుంది. పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిచేదాకా అది ఆమెకు దొరకదు.

ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని 2019 జాతీయ కాల వినియోగ సర్వే లెక్క చెప్పింది. ఆ 299 నిమిషాలు మన నవలల్లో ఎన్ని పేజీలకు ఎక్కాయి?

మా అమ్మ గోడ మీది క్యాలెండరులో అన్నీ రాసుకునేది: పాలు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన తేదీ, నాయనమ్మ మాత్రలు అయిపోయే రోజు, మాలో ఎవరికి ఎప్పుడు జ్వరం తగిలిందీ. ఆమె పోయాక ఆ పాత క్యాలెండర్లన్నీ ఒక్కొక్కటిగా తిరగేశాను. తనకు జ్వరం వచ్చిన రోజు ఒక్కటీ అందులో లేదు. ఆమెకు జ్వరం రాక కాదు, వచ్చినప్పుడు నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని పొయ్యి దగ్గర నిలబడటం నేను చూశాను. మేమూ ఆమెను ‘వండ నలయదు’ అనే అనుకున్నాం.

అందుచేత మీకు ఒక విన్నపం. ఈసారి కథల పోటీ పెట్టినప్పుడు ‘ఇంటిపని’ని అంశంగా ఇవ్వండి. త్యాగమూర్తిగా కాక, లెక్కలు వేసే, విసుక్కునే, అలసిపోయే, తనకంటూ పేరున్న మనిషిగా ఇల్లాలిని చూపే కథలు అడగండి. రాయగలిగినవారిలో చాలామందికి వంటిల్లు సర్దుకున్నాకే తీరిక దొరుకుతుంది కనుక, గడువు కాస్త ఎక్కువగా ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి