రొట్టె పేరు, మనిషి ముఖం ఒకే ఫొటోలో వద్దు

సంపాదకులకు నమస్కారం.

రొట్టెల పండుగ వచ్చిందంటే పత్రికల్లోనూ ఫోన్లలోనూ ఒక ఫొటో తప్పకుండా కనబడుతుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు మెట్ల మీద తలనిండా కొంగు కప్పుకున్న ఒక ఇల్లాలు, చేతిలో రొట్టె, వెనకాల 'సంతాన రొట్టె' అని, అంటే పిల్లలు కావాలని కోరుకునేవాళ్లు పుచ్చుకునే రొట్టె అని బోర్డు. చూడ్డానికి ఫొటో బాగానే ఉంటుంది. కానీ ఆమె తన ఊళ్లో ఎవరికీ చెప్పుకోని బాధను ఆ బోర్డు అందరికీ చెప్పేస్తుంది. సాయంత్రానికి ఆ ఫొటో ఆమె వీధి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఆరోగ్య రొట్టె, వివాహ రొట్టె పుచ్చుకునేవాళ్ల పరిస్థితీ అంతే.

ఈ పండుగ జరిగే బారాషహీద్ దర్గా ఆనవాయితీ తెలిసినవాళ్లకు ఇందులో తేడా వెంటనే అర్థమవుతుంది. కోరిక తీరినవాళ్లు ఆ పేరుతో రొట్టె తెచ్చి ఇస్తారు. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో దిగి పుచ్చుకుని తింటారు. అది తీరితే మళ్లీ ఏడు వాళ్లే తెచ్చి ఇస్తారు. ఇచ్చేవాళ్లు చాలామంది ఫొటోకు సంతోషంగా నిలబడతారు. ఉద్యోగం వచ్చిందనో, ఇల్లు కట్టుకున్నామనో వాళ్లే నోరారా చెప్తారు. పుచ్చుకునేవాళ్ల సంగతి వేరు. హిందువులైనా ముస్లింలైనా వాళ్లు అక్కడికి మనసులో మాట పెట్టుకుని వస్తారు, కెమెరా కోసం రారు. ఈ తేడా తెలియకుండా ఘాటులో కెమెరా ఎత్తకూడదు.

అలాగని ఫొటోలు మానేయమని కాదు. ముఖం లేకుండానే ఈ పండుగను ఎంతో బాగా తీయవచ్చు. రొట్టె చేతులు మారేచోటికి ఐదారు అడుగుల దూరంలో, రెండు మెట్లు పైన నిలబడి చేతుల మీదికి వంచి తీయాలి. అప్పుడు ముఖాలు ఫ్రేము పైకి పోతాయి, బోర్డులు కనబడవు, వెనక నీళ్లే మిగులుతాయి. ఫోన్‌లో జూమ్ 2ఎక్స్ పెట్టుకోవాలి. 0.5లో తీస్తే అంచుల్లో మనుషులు సాగిపోతారు, సంబంధం లేని పదిమంది, నాలుగు బోర్డులు కూడా వచ్చి చేరతాయి. వెనక భాగాన్ని మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్ ఇక్కడ పనికిరాదు. రొట్టె అంచు ఎక్కడో, తడికొంగు ఎక్కడో దానికి తెలియక వేళ్లను కూడా మసకబారుస్తుంది.

చెరువు నీళ్ల తళతళ చూసి కెమెరా వెలుగెక్కువని పొరబడుతుంది. చేతులు నల్లగా వచ్చేది అందుకే. ఫోన్‌లో చేతి మీద వేలు నొక్కిపెట్టి ఫోకస్‌ను లాక్ చేసి, వెలుగు గుర్తును కొంచెం పైకి జరపాలి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు సర్దుబాటు) +0.7 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. షట్టర్ వేగం 1/500 సెకనుకు తగ్గకూడదు. రొట్టె ఒక్క క్షణంలో చేయి మారుతుంది కాబట్టి వరసగా మూడు నాలుగు తీసి, ఇద్దరి వేళ్లూ రొట్టె మీద ఉన్నది ఉంచుకోవాలి. ఒక చేతి మీద గాజులు, ఇంకో చేతి మీద ముడతలు, మధ్యలో అంచు విరిగిన గోధుమ రొట్టె. ఏ ముఖమూ ఇంతకన్నా ఎక్కువ చెప్పదు. లెన్సు ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే నీటి మీద మెరుపు తగ్గుతుంది, కానీ నీటిని ఏటవాలుగా చూసినప్పుడే. నిట్టనిలువునా కిందికి చూస్తే దానివల్ల ఉపయోగం లేదు. ఉదయం ఎనిమిదిలోపు వెలుతురు మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండి నీడలు గట్టిగా పడతాయి.

నీళ్లలో మునిగే చివరి మెట్ల మీద పాచి ఉంటుంది. స్క్రీన్ చూస్తూ వెనక్కి అడుగు వేయడం అన్నిటికన్నా ప్రమాదం, పక్కన పిల్లలుంటే మరీనూ. ఏసీ బస్సు దిగీదిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కెమెరాను సంచిలోనే అరగంట ఉంచితే అదే సర్దుకుంటుంది. చుక్కలు పడిన లెన్సును కొంగుతోనో చొక్కాతోనో తుడిస్తే చెమట జిడ్డు అంటుకుంటుంది, ఇసుక రేణువు ఉంటే గీత పడుతుంది.

దర్గాలో గంధం సమర్పించే రాత్రి ఫ్లాష్ వద్దు. అగరు పొగ మీద వెలుగు పడి ఫొటో అంతా తెల్లగా అలుక్కుపోతుంది, దువా (ప్రార్థన) చేసేవాళ్ల కళ్లలో కూడా కొడుతుంది. నైట్ మోడ్ రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది కాబట్టి కదిలే మనుషులు చెదిరిపోతారు.

స్నానం చేసేవాళ్లను, తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్లను, పిల్లలను తీయనే కూడదు. దీని మీద వాదనే అనవసరం. బట్టలు మార్చుకునే గదుల దరిదాపుల్లో ఫోను సంచిలోంచి బయటికి రాకూడదు. మిగతావాళ్ల దగ్గర "అమ్మా, చేతులు మాత్రమే తీసుకుంటాను" అని ముందే అడిగితే చాలామంది సరేనంటారు. తీశాక తీసేయమని ఎవరైనా అంటే వాళ్ల ఎదుటే తీసేయాలి. గ్యాలరీలో తీసేసినంత మాత్రాన ఫొటో పోదు, చెత్తబుట్ట ఫోల్డర్‌లో చాలా ఫోన్లలో 30 రోజులు ఉంటుంది. అక్కడ కూడా తీసేసి చూపించాలి. ఆన్‌లైన్ బ్యాకప్ తనంతట తానే జరిగే ఫోను అయితే ఘాటుకు వెళ్లేముందే దాన్ని ఆపుకోవడం మేలు.

పండుగ ఏర్పాట్లు చూసే అధికారులకు ఒక విన్నపం. ఏ రొట్టె ఎక్కడో చెప్పే బోర్డులు కావలసిందే, దూరప్రాంతాల నుంచి వచ్చేవాళ్లకు అవే దారి చూపుతాయి. వాటిని నీళ్ల దగ్గర మనుషుల వెనక కాకుండా, మెట్లు దిగేముందు వచ్చే దారి వైపు తిప్పి పెడితే చాలు, ఫొటోల్లోకి రావు. ఈ పండుగ జరిగే ముహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వేసవిలోకి వస్తోంది. ఎలాగూ నీడ కోసం పందిళ్ల ఏర్పాటు మార్చుకోవలసి ఉంటుంది కాబట్టి, బోర్డుల చోటు కూడా అప్పుడే చూసుకోవచ్చు.

మీ పత్రికకు కూడా ఇదే విన్నపం. పుచ్చుకునేవాళ్ల ముఖం కనబడే ఫొటో వేయవలసి వస్తే వెనక బోర్డును కత్తిరించండి. ఫొటో కింద 'రొట్టెల పండుగలో భక్తులు' అని వేస్తే సరిపోతుంది, అది ఏ రొట్టో రాయనక్కర్లేదు.

— ఒక ఫొటోగ్రాఫర్, దర్గామిట్ట, నెల్లూరు