డయల్ చివరి ఖాళీని చిన్న స్టేషన్లకు ఇవ్వండి

అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఛైర్మన్ గారికి,

నమస్కారం. నేను న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువాడిని. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రాన్ని 738 కిలోహెర్ట్జ్ మీద వింటూ పెరిగాను. ఇక్కడికి వచ్చాక నాకు అబ్బిన అలవాటు మరొకటి ఉంది. ఏఎం డయల్ చిట్టచివర, 1610 నుంచి 1710 కిలోహెర్ట్జ్ మధ్య, లైసెన్సు లేని స్టేషన్లు ఏమైనా వినిపిస్తాయా అని వెతుకుతుంటాను. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని కమిషన్‌కు విడిగా పంపుతున్నాను. తెలుగులోనూ ప్రచురించడానికి కారణం ఉంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి రోజూ ఉద్యోగానికి వెళ్లే కారులోనే ఈ బ్యాండు ఉంది. దాని గురించి మీరు తీసుకునే నిర్ణయంలో వాళ్లకూ ఒక మాట ఉండాలి.

నా విన్నపం ఇది. ఊరికో పేటకో పరిమితమయ్యే తక్కువ శక్తి ఏఎం స్టేషన్లకు ఈ వంద కిలోహెర్ట్జ్‌లో చట్టబద్ధమైన చోటు కల్పించండి. జరిమానాలు వద్దని నేను అనడం లేదు. జరిమానా వేసే ముందు, అడిగితే లైసెన్సు దొరికే దారి ఒకటి ఉండాలంటున్నాను.

భారతదేశంలో మీడియం వేవ్, అంటే ఈ ఏఎం బ్యాండు, 1602 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. అమెరికా ఖండాల్లో మాత్రం 1979 ప్రపంచ రేడియో సమావేశం 1605 నుంచి 1705 వరకు ఉన్న భాగాన్ని కూడా ప్రసారాలకు కేటాయించింది. కిక్కిరిసిన పాత బ్యాండులో ఒకదానికొకటి అడ్డుపడుతున్న స్టేషన్లను ఇక్కడికి తరలించాలన్నది మీ కమిషన్ ఆలోచన. 1997లో 88 స్టేషన్లకు ఆ అవకాశం ఇచ్చారు. అందరూ ముందుకు రాలేదు. అందుకే నేటికీ ఈ భాగంలో పాత బ్యాండు రద్దీ లేదు. మా ప్రాంతంలో పగటిపూట వింటే 1660లో కొరియన్ భాషలో డబ్ల్యూడబ్ల్యూఆర్‌యూ అనే స్టేషన్ వస్తుంది. దక్షిణ న్యూజెర్సీ వైపు 1680లో డబ్ల్యూటీటీఎం ఉంది. ఒకప్పుడు దక్షిణాసియావాళ్ల కార్యక్రమాలు ప్రసారం చేసిన స్టేషన్ అది. 1610లో రహదారి సమాచారం చెప్పే పది వాట్ల స్టేషన్లు అక్కడక్కడా పలుకుతాయి. మిగిలిన చోట్ల చాలాభాగం హోరు మాత్రమే.

ఇక ఆ చివరన 1710. మామూలు బ్యాండు సరిహద్దు దాటి ఉన్నా, హడ్సన్ కౌంటీ అత్యవసర సమాచార స్టేషన్ డబ్ల్యూక్యూఎఫ్‌జీ689 ప్రత్యేక అనుమతితో అక్కడ నడుస్తోంది. నేను రేడియో పట్టుకుని కూర్చునేది ఎక్కువగా దీని చుట్టుపక్కలే. ఏఎం రేడియో లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కొన ఏ స్టేషన్ వైపు తిరిగితే ఆ స్టేషన్ సన్నగిల్లుతుంది. పొద్దుగూకే వేళ జెర్సీ సిటీ ఒడ్డున నిలబడి సెట్టును మెల్లగా తిప్పితే కౌంటీవారి ప్రకటన క్రమంగా తగ్గిపోతుంది. దాని అడుగున ముందు ఒక గుర్రుమనే శబ్దం తేలుతుంది. చవక పవర్ సప్లైతో నడిచే ట్రాన్స్‌మిటర్ గుర్తు అది. ఇంకాస్త ఓపిక పడితే ఆ గుర్రు వెనక ఒక మనిషి గొంతు. ఒక సాయంత్రం హైతీ క్రియోల్‌లో ప్రార్థన విన్నాను. ఇంకోసారి వ్యాఖ్యాత అంటూ లేకుండా ఒకదాని వెంట ఒకటిగా పాత పాటలు. లైసెన్సు ఉన్న స్టేషన్ గంటకోసారి తన కాల్ సైన్ చెప్పి తీరాలి. గంట కొట్టే సమయానికి ఊపిరి బిగబట్టి వింటాను. పేరు చెప్పకుండా ప్రార్థన సాగిపోతే అది లైసెన్సు లేని స్టేషన్ అని నాకు అర్థమైనట్టే.

రెండు చోట్ల నుంచి దిశ చూసుకుని పటం మీద గీతలు గీస్తే ఆ గొంతు ఏ వీధిలో ఉందో చెప్పడం పెద్ద కష్టం కాదు. నేను ఆ గీతలు ఎక్కడా బయటపెట్టను. కౌంటీ హెచ్చరిక వినిపించకుండా పోయే స్థితి వస్తే మాత్రం ఫిర్యాదు చేయడం నా బాధ్యత అనుకుంటాను. తుపాను వేళ ఆ ప్రకటన కోసం చెవి ఒగ్గేది నా ఇరుగుపొరుగే. లైసెన్సు లేని స్టేషన్లు అత్యవసర హెచ్చరికల వ్యవస్థలో భాగం కావు, వాటి తరంగాలు ఎక్కడికి చిమ్ముతున్నాయో కొలిచేవారు ఉండరు. ఈ బెడద గురించి మీ అధికారులు చెప్పేదంతా నిజమే.

అయితే ఆ స్టేషన్లు పెట్టేవాళ్లు ఎందుకు పెడుతున్నారో కూడా వినాలి. నేను విన్నవాటిలో అల్లరి కోసం పెట్టినవి తక్కువ. చర్చి కార్యక్రమాలు, సొంత ఊరి వార్తలు, చనిపోయినవారి కబుర్లు, వలస కాగితాలు ఎక్కడ నింపించుకోవాలో చెప్పే మాటలు, ఇవే ఎక్కువ. న్యూయార్క్ చుట్టుపక్కల వాణిజ్య స్టేషన్‌లో గంటల లెక్కన సమయం అద్దెకు తీసుకోవాలంటే చిన్న సంఘాలకు తలకు మించిన భారం. తక్కువ శక్తి ఎఫ్ఎం ఉంది కదా అంటారు. 2000లో మీ కమిషన్ ఏర్పాటు చేసిన ఆ సేవ నిజంగా మంచి పని. కానీ న్యూయార్క్ లాంటి నగరంలో ఎఫ్ఎం బ్యాండు నిండిపోయి ఉంది. దరఖాస్తుల గడువు కూడా ఎన్నో ఏళ్లకు ఒకసారి తెరుచుకుంటుంది. 2013లో తెరిచాక మళ్లీ తెరిచింది 2023లో. ఆ మధ్యలో ఒక పేటకు తన భాషలో మాట్లాడుకోవాల్సిన అవసరం వస్తే ఎవరిని అడగాలి?

అనుమతి లేకుండానే వాడుకోవచ్చని నిబంధనల్లో పార్ట్ 15 చెప్పేది వంద మిల్లీవాట్లు, మూడు మీటర్ల యాంటెన్నా. 1700 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 176 మీటర్లు. దానికి మూడు మీటర్ల తీగ కట్టి వీధి చివరి దాకా వినిపించడమే గొప్ప. చట్టంలో ఉన్న ఈ చిన్న వెసులుబాటుకూ, వేల వాట్ల వాణిజ్య స్టేషన్‌కూ మధ్య ఏఎంలో సామాన్యుడికి మెట్టే లేదు. రహదారి సమాచార స్టేషన్లకు మీరే పది వాట్లు, పదిహేను మీటర్ల యాంటెన్నా అనుమతిస్తున్నారు. ఆ కొలతలతో అవి ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి. అదే కొలతలతో ఒక గుడికో, చర్చికో, కాలనీ సంఘానికో లైసెన్సు ఇస్తే సాంకేతికంగా కొత్తగా వచ్చే ముప్పు ఏమిటి? రాత్రిపూట దూరపు స్టేషన్ల తరంగాలు ఆకాశంలో పై పొరలను తాకి దిగివచ్చి పది వాట్లను మింగేస్తాయి, నిజమే. పగలంతా ఊరికి వినిపిస్తే చాలు. ఇది నా ఒక్కడి ఊహ కాదు. తక్కువ శక్తి ఏఎం సేవ కావాలని 2005లోనే మీ కమిషన్‌కు పిటిషన్ అందింది.

ఇక్కడ మా తెలుగు నేల అనుభవం ఒకటి మీ ముందుంచాలి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002 అక్టోబరులో పొదుపు సంఘాల మహిళలు మన రేడియో అనే స్టేషన్ మొదలుపెట్టారు. లైసెన్సు లేదు. తీసుకుందామన్నా అప్పటి భారత చట్టంలో అలాంటి సంఘాలకు లైసెన్సు అనేదే లేదు. చాలా చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, ఊరి దాకా వినిపిస్తే గొప్ప. కొద్ది నెలలకే, 2003 ఫిబ్రవరిలో, ప్రభుత్వం దాన్ని మూయించింది. అదే కాలంలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు స్టూడియో కట్టుకుని, కార్యక్రమాలు రికార్డు చేసుకుని, గాలిలోకి వదిలే అనుమతి లేక ఆ క్యాసెట్లను ఊళ్లలోని సంఘాల సమావేశాల్లో వినిపించుకునేవారు. విత్తనాలు, పంటలు, పాటలు, ఆడవాళ్ల ఆరోగ్యం, అన్నీ ఆ క్యాసెట్లలోనే ఉండిపోయాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని భారత సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, ఆ తీర్పు ఫలం ఆ ఆడవాళ్ల దాకా రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. చివరికి 2006లో ప్రభుత్వం విధానం మార్చింది, స్వచ్ఛంద సంస్థలకు వంద వాట్ల కమ్యూనిటీ రేడియో లైసెన్సులు ఇస్తామంది. 2008 అక్టోబరులో మాచనూరు మహిళల సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. భారతదేశంలో దళిత మహిళలు నడిపిన మొదటి కమ్యూనిటీ రేడియో అది. ఓర్వకల్లులో సామాను పట్టుకుపోవడంతో ఎవరి కోరికా చావలేదు. తలుపు తెరిచాకే మాచనూరు మహిళలు దర్జాగా లోపలికి నడిచారు.

మీ దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. 1987 జులైలో లాంగ్ ఐలాండ్ తీరానికి ఆవల, సారా అనే ఓడ మీద నుంచి రేడియో న్యూయార్క్ ఇంటర్నేషనల్ 1620 కిలోహెర్ట్జ్‌లో ప్రసారాలు చేసింది. కొద్ది రోజులకే మీ అధికారులు, కోస్ట్ గార్డ్ వారు ఓడ ఎక్కి ఆపించారు. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడైన అలన్ వీనర్ 1998లో మెయిన్ రాష్ట్రంలోని మాంటిసెల్లో నుంచి మీ లైసెన్సుతోనే డబ్ల్యూబీసీక్యూ షార్ట్‌వేవ్ స్టేషన్ ప్రారంభించారు. ఒకప్పుడు మీరు వెంటాడిన మనిషికే తర్వాత మీరు లైసెన్సు ఇచ్చారు. ఆకాశం విరిగిపడలేదు.

ఆ ఔదార్యం ఇప్పుడు చిన్నవాళ్ల విషయంలో కనిపించదు. 2000 చివర్లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, ఎప్పుడైనా లైసెన్సు లేకుండా ప్రసారం చేసినవాళ్లు తక్కువ శక్తి ఎఫ్ఎం లైసెన్సుకు అనర్హులు. కోర్టుకు వెళ్లినా 2003లో ఆ నిషేధం నిలబడింది. ఇరవై ఏళ్ల వయసులో అద్దె గదిలో ట్రాన్స్‌మిటర్ పెట్టి, మొదటి నోటీసుకే ఆపేసిన మనిషికి యాభై ఏళ్లు వచ్చినా ఆ తలుపు మూసే ఉంటుంది. ఆ నిషేధం రాసింది తక్కువ శక్తి ఎఫ్ఎం కోసం. కొత్త ఏఎం సేవకు అర్హతలు మీరు నిర్ణయించేటప్పుడు దాన్ని అలాగే ఎత్తి రాయకండి. నోటీసు అందగానే ఆపినవారిని అర్హులుగా చూడండి. మళ్లీ మళ్లీ చెప్పినా వినకుండా ఇతరుల ప్రసారాలకు అడ్డుపడినవారి సంగతి వేరు.

లైసెన్సు లేని స్టేషన్లను అరికట్టడానికి 2020 జనవరిలో వచ్చిన పైరేట్ చట్టం రోజుకు లక్ష డాలర్లు, మొత్తం ఇరవై లక్షల డాలర్ల దాకా జరిమానాకు అవకాశమిచ్చింది. లైసెన్సు లేని ప్రసారాలు ఎక్కువగా ఉండే అయిదు పెద్ద నగర ప్రాంతాల్లో ఏటా తనిఖీలు జరగాలంది. తెలిసి చోటిచ్చిన ఇంటి యజమానులూ బాధ్యులే. ఈ అంకెలు వినగానే నాకు గుర్తొచ్చేది ఆ గుర్రుమనే ట్రాన్స్‌మిటర్. దాని వెనక ఉన్న మనిషి జీవితకాలంలో అంత డబ్బు కళ్ల చూడడు. ఆ జరిమానా వసూలూ కాదు, అతని అవసరమూ తీరదు. నోటీసు అందుకున్న ఇంటి యజమాని అతన్ని ఖాళీ చేయిస్తాడు. అదే గొంతు మరో వీధిలో, మరో ఫ్రీక్వెన్సీలో మొదలవుతుంది. డయల్ తిప్పేవాళ్లకు ఇది అనుభవమే.

అసలు ఈ బ్యాండును పాడుచేస్తున్నది ఎవరో కూడా చెప్పాలి. మా ఇంట్లో కూర్చుంటే 1710 కాదు, 50 కిలోవాట్ల న్యూయార్క్ స్టేషన్లే ఒక్కోసారి సరిగా వినిపించవు. ఫోను ఛార్జర్లు, చవక ఎల్ఈడీ దీపాలు, పై అంతస్తులోని ట్రెడ్‌మిల్, అన్నీ కలిసి ఒక గోడలా అడ్డం నిలుస్తాయి. రేడియో తీసుకుని నేను నది ఒడ్డుకు వెళ్లేది అందుకే. ఈ వస్తువుల రొదకు మీ పుస్తకాల్లో పరిమితులు ఉన్నాయి. దుకాణాల్లో అమ్ముడవుతున్న సరుకును ఆ పరిమితులతో పోల్చి చూసే పనికీ, పది వాట్ల ప్రార్థనను వేటాడే పనికీ మధ్య సిబ్బందిని ఎలా పంచుతున్నారో ఆలోచించండి. కార్లలో ఏఎం రేడియో తప్పనిసరి చేయాలని కాంగ్రెస్‌లో బిల్లు నడుస్తున్న రోజులివి. కారులో సెట్టు ఉండి, అందులో మన ఊరివాళ్ల మాట ఒక్కటీ లేకపోతే ఆ మీటను నొక్కేదెవరు?

కాబట్టి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన ఒకటి వెలువరించండి. 1620 నుంచి 1700 వరకు ఏ ప్రాంతంలో ఏ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో మీ ఇంజినీర్ల చేత పటం వేయించి ప్రచురించండి. పది వాట్ల పగటి లైసెన్సుకు, తక్కువ రుసుముతో, ఒక ప్రయోగాత్మక గడువు పెట్టండి. 1710లో కౌంటీ స్టేషన్ చుట్టూ మాత్రం ఎవరికీ చోటివ్వకండి. అది అత్యవసర సమాచారం, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. మీ ప్రకటన వెలువడిన రోజున ఈ ప్రాంతంలో విన్న వివరాలన్నీ, తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, రొద స్థాయితో సహా మీకు సమర్పిస్తాను. వీధుల పేర్లు మాత్రం అందులో ఉండవు.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు శ్రోత