పిల్లలు ‘గోయెడ్’ అంటే కంగారు పడకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈమధ్య డైరీల్లో కొందరు ఒకే సందేహం రాస్తున్నారు. ‘యూకేజీలో ఇంగ్లీషు గోకి భూతకాలం వెంట్ అని చక్కగా చెప్పేవాడు, ఇప్పుడు గోయెడ్ అంటున్నాడు. చదువు వెనక్కి పోతోందా మేడమ్?’ అని. టెన్షన్ పడకండి, చదువు ముందుకే వెళ్తోంది.

అప్పట్లో బాబు విన్నమాట విన్నట్టు పలికాడు. ఇప్పుడు ప్లేకి ప్లేయ్డ్, జంప్‌కి జంప్డ్ అనే పద్ధతి వాడికి పట్టుబడింది. దాన్నే గోకి కూడా వాడాడు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు అసలు భాషలోనే లేని మాటలు కల్పించి చిన్నపిల్లల ముందు పెట్టారు. అంతకుముందెన్నడూ వినని ఆ మాటలకు కూడా చాలామంది పిల్లలు సూత్రం ప్రకారమే బహువచనాలూ భూతకాల రూపాలూ చెప్పగలిగారు. బట్టీతో వచ్చే పని కాదది.

అసలు వెంట్ అనేది గోకి పుట్టిన రూపమే కాదు. ఇంగ్లీషులో వెండ్ అని వేరే క్రియ ఉండేది. తిరగడం, తర్వాత వెళ్ళడం అని దాని అర్థాలు. సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్ అయినట్టే వెండ్‌కి వెంట్ అయింది. గోకి అంతకుముందు మరో భూతకాల రూపం ఉండేది. అది వాడుకలోంచి పోయి, 1500 నాటికి ఇంగ్లండులో ఆ చోటును వెంట్ తీసుకుంది. స్కాట్లాండ్‌లోని స్కాట్స్ భాషలో మాత్రం ఇప్పటికీ, గోకి బదులు వాడే ‘గే’కి డ్ చేర్చిన ‘గేడ్’ అనే రూపం ఉంది. మన పిల్లలు చేసిన గోయెడ్ కూడా ఆ పద్ధతిలోదే! చరిత్ర ఇంత చిక్కుగా ఉంటే ఆరేళ్ళ పిల్లాడు తికమకపడడంలో వింతేముంది?

కాబట్టి దయచేసి నలుగురిలో నవ్వకండి, పదిసార్లు రాయించకండి. ‘ఐ గోయెడ్ టు పార్క్’ అంటే, ‘ఓ, యూ వెంట్ టు ద పార్క్? ఎవరితో?’ అని మాట కొనసాగించండి. సరైన రూపం చెవిన పడుతూ ఉంటే మెల్లగా అదే నిలుస్తుంది.

పెద్ద తరగతుల్లో వచ్చే ‘ఐ డిడ్ నాట్ వెంట్’ సంగతి వేరు. దాన్ని మాత్రం విడమరచి చెప్పాలి, అందుకు మన తెలుగే సాయం చేస్తుంది. ‘వెళ్ళలేదు’ అంటాం గానీ ‘వెళ్ళాను లేదు’ అనం కదా. జరిగిపోయిన కాలాన్ని ‘లేదు’ మోస్తోంది కనుక ‘వెళ్ళ’కు ఆ బరువు అక్కర్లేదు. అక్కడ డిడ్ చేసేదీ అదే పని, అందుకే పక్కన గో చాలు. ఇలా చెప్తే పిల్లలు త్వరగా అందుకుంటున్నారని మా ఇంగ్లీషు టీచర్లు అంటున్నారు.

మీ పాప, బాబు సొంతంగా తయారుచేసిన ఇలాంటి మాటలు వినిపిస్తే డైరీలో రాసి పంపండి. ఏ పిల్లలు ఏ సూత్రం దగ్గరున్నారో క్లాస్ టీచర్లకు తెలుస్తుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు