బొటానికల్ గార్డెన్‌కి సోమవారం వెళ్లకండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. పోయిన ఆదివారం మీ అనుబంధంలో కోల్‌కతా యాత్ర గురించి వచ్చిన వ్యాసం చదివాను. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం అన్నీ బాగానే రాశారు గానీ, హౌరా వైపున్న శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌ని మాత్రం "టైముంటే ఓ గంట చూసి రావచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు అక్కడ కాస్త మండింది. 273 ఎకరాల తోటని గంటలో ఎలా చూస్తారండీ? పైగా ఆ తోటకీ మా సామర్లకోటకీ ఉన్న చుట్టరికం గురించి ఒక్క మాట కూడా లేదు.

ముందు నా అనుభవం చెప్తాను, వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. కొన్నేళ్ల కిందట మా ఆవిడా నేనూ కాశీ, గయ, కోల్‌కతా ప్యాకేజీ టూర్‌లో వెళ్లాం. ఏ ట్రావెల్స్ అన్నది ఇప్పుడెందుకులెండి. కాగితం మీద "బొటానికల్ గార్డెన్ - 45 నిమిషాలు" అని ఉంది. తీరా ఎర్రటి ఎండలో బస్సు గేటు ముందు ఆగితే తాళం వేసి ఉంది, ఎందుకంటే ఆ రోజు సోమవారం, సోమవారం తోటకి సెలవు. గైడ్‌ని అడిగితే "చెట్లే కదండీ, మన ఊళ్లో లేవా" అన్నాడు. మా ఆవిడ కూడా అతని పక్షమే.

రెండోసారి మేమే సొంతంగా ప్లాన్ చేసుకుని వెళ్లాం. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు హౌరాకి కాకుండా షాలిమార్ స్టేషన్‌కి వెళ్తోంది, అది శిబ్‌పూర్ పక్కనే. రాజమండ్రిలో ఎక్కినవాళ్లు నేరుగా తోట దగ్గర దిగినట్టే, అక్కణ్ణుంచి టోటో (మన బ్యాటరీ ఆటో లాంటిదే) ఎక్కితే సరిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి, ఏప్రిల్, మే నెలల్లో అక్కడి ఉక్క మన కోస్తా వాళ్లకి కూడా కష్టమే. పొద్దున్నే వెళ్లి కనీసం మధ్యాహ్నం దాకా ఉండేలా చూసుకోండి. నడక చాలా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు మర్రిచెట్టు చూసేసి తర్వాత ఓపికని బట్టి మిగతావి చూడటం మేలు.

ఆ మర్రి సంగతి చెప్పాలి. వయసు 250 ఏళ్లకి పైమాటే. 1864, 1867 తుపాన్లకి దెబ్బతిని, బూజు తెగులు పట్టి, అసలు మాను కుళ్లిపోతే 1925లో తీసేశారు. అంటే ఇప్పుడు మనం చూసేదంతా ఊడలే, వేల ఊడలు, మొదలు లేని చెట్టు! చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేస్తే ఊడలు దాన్ని కూడా దాటి ముందుకెళ్లాయి. ఇదే ప్రపంచంలో పెద్దదని అక్కడ ఎవరైనా అంటే మాత్రం ఊరుకోకండి, కదిరి దగ్గర మన తిమ్మమ్మ మర్రిమాను దానికన్నా కాస్త పెద్దదే, 1989లోనే గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. చిన్నపిల్లని కూర్చోబెట్టినా మునగనంత పెద్ద ఆకుల అమెజాన్ తామరలు, ఒకే కొమ్మకి ఒక్కో ఆకు ఒక్కో ఆకారంలో వచ్చే 'పిచ్చి చెట్టు' కూడా అడిగి చూడండి. 2020లో ఆంఫన్ తుపానుకి చాలా చెట్లు కూలిపోయాయి, అయినా చూడటానికి బోలెడుంది.

ఇక చుట్టరికం. ఈ తోటని 1787లో రాబర్ట్ కిడ్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి మొదలెట్టాడు. కానీ దాన్ని ఇప్పుడు మనం అనుకునే బొటానికల్ గార్డెన్‌గా తీర్చిదిద్దింది 1793లో వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్. ఆయన ఎక్కణ్ణుంచి వెళ్లాడనుకున్నారు? సామర్లకోట నుంచే! కంపెనీ డాక్టరుగా వచ్చి, 1781 నుంచి పన్నెండేళ్ల పాటు మా ఊళ్లో తోట వేసి మిరియాలూ గట్రా పండించే ప్రయత్నాలు చేశాడు, వానలు లెక్కపెట్టాడు, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. సరిగ్గా కోల్‌కతా తోట పుట్టిన 1787లోనే కోరంగి ఉప్పెనలో ఆయన పుస్తకాలూ కాగితాలూ కొట్టుకుపోయాయి. మళ్లీ మొదలెట్టాడు పాపం. కోరమాండల్ తీరపు మొక్కల మీద 300 బొమ్మలతో వచ్చిన ఆయన పుస్తకం తొలి భాగాలు 1795లో లండన్‌లో అచ్చయ్యాయి. మన సోమిద చెట్టుందే, దాని బెరడు జ్వరానికి పనిచేస్తుందని ప్రచారం చేసింది ఆయనే, ఆ చెట్టు శాస్త్రీయ నామం 'సోయ్‌మిడా' మన తెలుగు మాటే.

నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే, భీమేశ్వరస్వామి గుడి గురించి చెప్పారు గానీ ఈ సంగతి బళ్లో నాకెవరూ చెప్పలేదు. రిటైరయ్యాక ఆ తోటలో రాక్స్‌బర్గ్ స్మారకం ముందు నిలబడి మా ఆవిడకి ఇదంతా చెప్తే, "ఇది ముందే చెప్పుంటే మొదటిసారే ఆ గైడ్‌తో దెబ్బలాడేదాన్ని కదా" అంది.

దయచేసి మళ్లీ ఎప్పుడైనా ఈ యాత్ర గురించి వేస్తే, సోమవారం సెలవన్నది పెద్ద అక్షరాల్లో వేయండి. సామర్లకోట పేరు చిన్న అక్షరాల్లో వేసినా పర్లేదు.

ఇట్లు,
మీ పాతికేళ్ల పాఠకుడు,
సామర్లకోట