రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్లకు కమీషన్: రెరా ఛైర్‌పర్సన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఛైర్‌పర్సన్ గారికి నమస్కారాలు.

సంబంధిత అధికారులకు రెండుసార్లు అర్జీ పెట్టుకున్నా జవాబు రానందున, నలుగురి సాక్షిగా ఈ లేఖ రాస్తున్నాను. 2016 రెరా చట్టం 9వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మించే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఉల్లంఘిస్తే 62వ సెక్షన్ కింద రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ధరలో 5 శాతం వరకు జరిమానా ఉంది. అయినా మా జడ్చర్ల వైపు కిరాణా కొట్టువాళ్లనూ కమీషన్ ఆశ చూపి ఏజెంట్లుగా తిప్పుతున్నారు. వరుసకు తమ్ముడయ్యే ఒకరి మాట నమ్మి మా అక్క, బిడ్డ పెళ్లికి దాచిన డబ్బంతా ఒక వెంచర్‌లో కట్టింది. ఆమె చేతిలో మిగిలింది సంతకం అలికిపోయిన పచ్చ రసీదు. హద్దురాళ్లు పాతిన చోట ఇప్పుడు పత్తి చేను. ఆ తమ్ముడికీ చట్టం తెలియదు, అతనికి కమీషన్ ఇచ్చినవారికి మాత్రం తెలుసు.

కాబట్టి అలాంటి చెల్లింపులపై విచారణ జరిపించి, ప్రతి వెంచర్ గేటు వద్ద రిజిస్టర్డ్ ఏజెంట్ల పేర్లు, నంబర్లు తెలుగులో రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
జడ్చర్ల వాసి