పేదల లాయరు కావాలంటే అప్పు తక్కువుండాలి

సంపాదకులకు,

క్రిమినల్ కేసుల్లో పేదల తరఫున వాదించాలని లా చదవాలనుకునే పిల్లలకు ఇప్పుడు ఒక దారి ఉంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పథకం కింద జిల్లాల్లో పూర్తికాలం న్యాయవాదులను తీసుకుంటున్నారు. రిమాండ్ నుంచి అప్పీలు దాకా కేసు చూడాలి, సొంత ప్రాక్టీసు చేయకూడదు. కాంట్రాక్టు మొదట రెండేళ్లకే. చేతికొచ్చేది గౌరవ వేతనం.

అలాంటి పనికి లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని వెళ్లగలమా? జాతీయ స్థాయి లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో ర్యాంకొస్తే చాలు, ఏడాదికి లక్షల ఫీజున్న జాతీయ లా యూనివర్సిటీకే పంపాలని తల్లిదండ్రులు ఆరాటపడతారు. అక్కడి చదువు గొప్పదే, కాదనను. కానీ నెలనెలా ఈఎంఐ టెన్షన్ ఉన్న పిల్ల జిల్లా కోర్టులో నిలబడటం కష్టం, కార్పొరేట్ ఆఫీసు వైపే చూడాల్సి వస్తుంది. రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాస్తే ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర యూనివర్సిటీల లా కాలేజీల్లో చాలా తక్కువ ఖర్చుతో ఎల్‌ఎల్‌బీ పూర్తవుతుంది. బార్ కౌన్సిల్ పరీక్ష అందరికీ ఒక్కటే. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం, బెయిల్ పిటిషన్ వాదించడం ఎక్కడ చదివినా సీనియర్ వెంట తిరిగి, కోర్టు హాల్లోనే నేర్చుకోవాలి.

అయితే ఫీజొక్కటే చూస్తే చాలదు. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలన్నది బార్ కౌన్సిల్ నిబంధన. నేను చూసిన కొన్నిచోట్ల అది బోర్డుకే పరిమితం. విద్యార్థులను జైలుకు, మేజిస్ట్రేటు కోర్టుకు ఏడాదిలో ఎన్నిసార్లు తీసుకెళ్లారో కాలేజీలవారీగా లాసెట్ కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో పెట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను కోరుతున్నాను.

– ఒక న్యాయవాది, హనుమకొండ