తలుపులు మూసుకున్న తరగతి గదుల్లో నిబద్ధత నిలవదు

సంపాదకుల వారికి,
నమస్కారం.

ఉపాధ్యాయుల్లో అంకితభావం తగ్గిపోతోందన్న మాట పత్రికల్లోనూ, సభల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ తరచూ వినిపిస్తోంది. ఆ మాట వెంబడి వచ్చే సూచనలు కూడా దాదాపు ఒక్కలాగే ఉంటాయి: తనిఖీలు పెంచాలి, హాజరు యంత్రాలు పెట్టాలి, శిక్షణ తరగతులు జరపాలి, ఫలితాలు రాని వారిని నిలదీయాలి. చాలా కాలం తరగతి గదిలోనూ, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడిగానూ పనిచేసిన వాణ్ణి కనుక, ఈ సూచనలన్నిటి వెనుక ఉన్న ఒక నమ్మకంతో నేను విభేదిస్తున్నాను. పని మీద శ్రద్ధ అనేది ఉపాధ్యాయుడు ఇంటి నుంచే వెంట తెచ్చుకునే గుణమనీ, అది ఉన్నవారికి ఉంటుంది, లేనివారికి లేదనీ ఆ నమ్మకం. ఒక బడిలో హుషారుగా పనిచేసిన మనిషే మరో బడికి వెళ్ళాక ముభావంగా, గంట ఎప్పుడు కొడతారా అన్నట్టు కాలం గడపడం ఈ వృత్తిలో ఉన్నవారందరూ చూసిన సంగతే. అలాంటప్పుడు మనిషిని తప్పుపట్టేముందు బడిని పరిశీలించడం న్యాయం.

మనిషి పనిలో మనసు పెట్టడానికి మూడు పరిస్థితులు కుదరాలని విలియం కాన్ అనే పరిశోధకుడు 1990లో చెప్పారు. చేస్తున్న పనికి అర్థం ఉందని అనిపించాలి. మనసులో ఉన్నది పైకి చెబితే తన పరువుకూ స్థానానికీ ముప్పు రాదన్న భరోసా ఉండాలి. ఆ పనికి వెచ్చించడానికి తగిన ఓపిక, తీరిక మిగిలి ఉండాలి. ఆయన పరిశీలించింది బడులను కాదు, ఒక వేసవి శిబిరం సిబ్బందినీ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులనూ. అయినా ఆ మూడూ బడికి చక్కగా వర్తిస్తాయి. ఉపాధ్యాయ వృత్తిలో మొదటిదానికి సాధారణంగా లోటుండదు. మూడోది పనిభారానికి సంబంధించినది, దాని గురించి మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఎవరికీ అంతగా పట్టనిది ఆ రెండోదే.

భిన్నాల కూడిక చెప్పిన మర్నాడు ఒక గణిత ఉపాధ్యాయురాలు నోటుపుస్తకాల కట్టతో స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చిందనుకుందాం. తరగతిలో సగం మంది మూడో వంతుకు నాలుగో వంతు కలిపి ఏడింట రెండు అని రాశారు. పై అంకెలను పైవాటితోనూ, కింది అంకెలను కిందివాటితోనూ కూడేశారు. ఒక బడిలో ఆమె ఆ కట్టను బల్ల మీద పెట్టి, "నిన్న అంతసేపు చెప్పినా ఇలాగే రాశారు, ఎక్కడ బెసికిందో తెలియడం లేదు" అని అనగలదు. పక్క సెక్షన్ ఉపాధ్యాయుడు ఆ పుస్తకాలు తిరగేసి, "మా వాళ్ళూ ఇంతేనమ్మా. ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీలిచ్చి, ఒకదాని మీద మూడో వంతు, రెండోదాని మీద ఏడింట రెండు వంతులు రంగు వేయించాను. కలిపాక పెరగాల్సింది తగ్గిందేమిటని వాళ్ళే అడిగారు" అంటాడు. ఆ రోజు ఆమె తరగతికి వెళ్ళే తీరే వేరుగా ఉంటుంది.

మరో బడిలో ఆమె ఆ మాట అనదు. అంటే "మా క్లాసులో ఇలాంటి ఇబ్బంది లేదండీ" అని ఒకరు, "ఈ బ్యాచే అంత, వదిలేయండి" అని ఇంకొకరు అంటారు. సాయంత్రానికల్లా ఆ మాట ప్రధానోపాధ్యాయుడి గదికి చేరి "ఆవిడకు సబ్జెక్టు మీద పట్టు లేదట" అన్న రూపం తీసుకుంటుంది. ఏడాది తిరిగేసరికి ఆమె తప్పుల మీద ఎర్రసిరా గీత కొట్టి, సరైన జవాబు బోర్డు మీద రాసేసి, తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోవడం అలవాటు చేసుకుంటుంది. నిబద్ధత లేదని మనం ఫిర్యాదు చేసేది అప్పుడు.

డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లోనే బడిని గుడ్లు అమర్చే అట్టతో పోల్చారు; ఎవరి గుంటలో వారు, ఒకరికొకరు తగలకుండా. సుసాన్ రోసెన్‌హోల్ట్జ్ అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 78 ప్రాథమిక పాఠశాలలను అధ్యయనం చేసి, 1989లో ఫలితాలు ప్రచురించారు. ఎవరికి వారుగా ఉండే బడుల్లో సాయం అడగడమంటే చేతకానితనం ఒప్పుకోవడమేనన్న భావన ఉందనీ, కలిసి పనిచేసే బడుల్లో బోధన స్వతహాగా కష్టమైన పని కనుక ఎంత అనుభవం ఉన్నవారికైనా సాయం అవసరమేనని అందరూ అనుకుంటారనీ ఆమె గమనించారు. అంటే సాయం అడిగే ధైర్యాన్ని ఇచ్చేదీ, తీసేసేదీ బడిలో నడిచే అలవాటే.

నిజంగానే పని ఎగ్గొట్టేవారు లేరా అని అడగవచ్చు. ఉన్నారు, వారిని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. అయితే వారిని కాపాడుతున్నది ఏమిటన్నది ఆలోచించాలి. ఒకరి తరగతి జోలికి మరొకరు పోకూడదన్న మర్యాద ఉన్న బడిలోనే అలాంటివారు నిశ్చింతగా ఉండగలరు. పాఠ్య ప్రణాళిక రిజిస్టరు నిండుగా ఉంటుంది, సంతకాలు తేదీలవారీగా ఉంటాయి, హాజరు యంత్రం సమయానికి వేలిముద్ర తీసుకునే ఉంటుంది. తనిఖీకి వచ్చినవారు ఆ మూడూ చూసి సంతృప్తిగా వెళతారు. (పాత సంవత్సరం ప్రణాళికకే కొత్త అట్ట వేసి సంతకం పెట్టించుకునే విద్య మా వృత్తిలో తెలియనివారు లేరు.) పిల్లల పుస్తకాలు నలుగురు ఉపాధ్యాయుల ముందుకు వచ్చే బడిలో ఆ ఆటలు సాగవు.

కాబట్టి భారమంతా ప్రధానోపాధ్యాయుడి మీద పడుతుందా అంటే, చాలావరకు పడుతుందనే చెబుతాను. ఆయన తరగతి గది వెనుక బెంచీలో కూర్చుని ఏం చూస్తారన్నదాన్ని బట్టి ఆ బడి ఎలాంటిదో ఉపాధ్యాయులకు అర్థమైపోతుంది. సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగితే ఉపాధ్యాయుడు సిలబస్‌ను పరిగెత్తిస్తాడు. పక్కనున్న పిల్లవాడి పుస్తకం తెరిచి, తర్వాత తీరిగ్గా "వీడు ఇక్కడ ఇలా ఎందుకు రాశాడంటారు?" అని అడిగితే, అడిగేది తనను పట్టుకోవడానికి కాదని ఉపాధ్యాయుడికి తెలుస్తుంది. షికాగో ప్రాథమిక పాఠశాలల మీద ఆంటొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ చేసి 2002లో వెలువరించిన అధ్యయనంలో, ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయుడు, తల్లిదండ్రుల మధ్య పరస్పర నమ్మకం బలంగా ఉన్న బడులే చదవడంలోనూ గణితంలోనూ మెరుగుపడే అవకాశం ఎక్కువని తేలింది. ఆ నమ్మకం ఉత్తర్వులతో వచ్చేది కాదు. ఇలాంటి చిన్న ప్రశ్నల దగ్గర పుడుతుంది, ఆ దగ్గరే చచ్చిపోతుంది కూడా.

పనిభారం గురించి ఒక్క మాట. ఫిన్లాండ్‌లో రెండు వేలకు పైగా ఉపాధ్యాయులపై హకానెన్, బక్కర్, షౌఫెలి 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అధిక భారం ప్రధానంగా అలసటకూ అనారోగ్యానికీ దారితీస్తే, తోడ్పాటు, పనిమీద అదుపు, మంచి వాతావరణం వంటివి ఉత్సాహానికి దారితీస్తాయి. అందువల్ల భారం తగ్గించినంత మాత్రాన ఆసక్తి పుట్టుకురాదు; తోడ్పాటు పేరుతో భారం పెంచితే అసలే రాదు.

ఈ చివరిదాని గురించి ముందే హెచ్చరించడం అవసరం. కలిసి పనిచేయాలని పైనుంచి ఆదేశం రాగానే దానికొక ఫార్మాట్, ఫొటోలు, నెలనెలా నివేదిక తయారవుతాయి. ఆండీ హార్‌గ్రీవ్స్ అనే విద్యా పరిశోధకుడు దీన్ని కృత్రిమ సహకారంగా గుర్తించి 1990ల్లోనే విమర్శించారు. జపాన్‌లో ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని రూపొందించి, ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు పిల్లలను గమనించి, తర్వాత ఆ పాఠం గురించి చర్చించుకునే పద్ధతి ఎన్నో దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ చర్చకు వచ్చేది పాఠమే తప్ప పాఠం చెప్పిన మనిషి కాడు. ఫార్మాట్‌ను అరువు తెచ్చుకోవడం సులభం, ఈ తేడాను పాటించడమే కష్టం.

విద్యాధికారులకు మీ పత్రిక ద్వారా నేను చేసే విన్నపం చిన్నదే. వారానికి ఒక పీరియడు, ఒకే సబ్జెక్టు చెప్పేవారందరికీ కలిసివచ్చేలా టైమ్‌టేబుల్‌లో కేటాయించండి. అక్కడికి పిల్లల పుస్తకాలు తప్ప వేరే రిజిస్టరు రాకూడదు, అక్కడి మాటల మీద నివేదిక అడగకూడదు, అక్కడ చెప్పుకున్న ఇబ్బందిని పనితీరు మదింపులో వాడకూడదు. ఆ పీరియడులో వారి తరగతులను ఎవరు చూస్తారన్న ప్రశ్న తప్పక వస్తుంది. వాటిలో ఒకదాన్ని ప్రధానోపాధ్యాయుడే తీసుకోవాలి, ఆ తరగతిలో పిల్లలు చేసిన తప్పులను తర్వాతి వారం ఆయన కూడా ఆ బల్ల మీద పెట్టాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు